గుట్ట మీది వాన, గుట్ట కింది గడప
మా వార్డుకు రాబోయే కార్పొరేటర్ గారికి బహిరంగ లేఖ



మీ పేరు నాకింకా తెలియదు. మీది ఏ పార్టీయో, మీ ఇల్లు బంజారా హిల్స్ గుట్ట మీదో మా పంజాగుట్ట సందుల్లోనో కూడా తెలియదు. 2021 ఫిబ్రవరి 11న కొలువుదీరిన గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) పాలకవర్గం గడువు 2026 ఫిబ్రవరి 10తో తీరిపోయింది. తరవాతి ఎన్నికల్లో మా ఓట్లతో గెలిచి వచ్చేది మీరు. గెలిచాక దండలు, ఫ్లెక్సీలు, సన్మానాలు మొదలవుతాయి. అప్పుడు ఇలాంటి ఉత్తరం చదివే తీరిక దొరకదని ముందే రాస్తున్నాను.

నేను సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. 1988 నుంచి పంజాగుట్ట వెనక సందులో కాపురం. మా గుమ్మం పక్క గోడ మీద పెన్సిలు గీతలుంటాయి. పిల్లల ఎత్తు కొలిచిన గీతలు పైన, నీళ్ళ ఎత్తు కొలిచినవి కింద. కిందివాటి పక్కన మా ఆయన తేదీలు కూడా వేశారు. 24-8-2000 అని ఒకటి. ఆ రోజు నగరంలో 24 సెంటీమీటర్ల వాన పడింది. గీత మా మోకాలు దాటి ఉంది. 13-10-2020 అని ఇంకొకటి. ఆ అక్టోబరు రాత్రి బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటి కురిసింది. ఇది దానికి నాలుగు వేళ్ళు కింద. ఆ రెండూ పెద్ద వానలు, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. 1908లో మూసీ పొంగిన ఊరు మనది, పెద్ద వాన వస్తే ఏమవుతుందో ఎరిగినవాళ్ళమే. నా దిగులంతా ఆ రెండింటి కింద ఉన్న చిన్న గీతల గురించి. అవి తొమ్మిదున్నాయి. వాటిలో ఆరు గత ఎనిమిదేళ్ళలో గీసినవే. పేపర్లో పేరైనా రాని మామూలు సాయంకాలపు వానలకు, గంటసేపు కొట్టి వెలిసిపోయిన జల్లులకు, మా గడప తడిసింది.

మా సందులో నీళ్ళు వచ్చే తీరు మీకు చెప్పాలి, ఎందుకంటే గుట్ట మీద ఉండేవాళ్ళకు ఇది కనిపించదు. వాన మా మీద పడకముందే నీళ్ళొస్తాయి. మా పైన ఆకాశం ఇంకా మబ్బుగానే ఉంటుంది, డాబా మీద బట్టలు పొడిగానే ఉంటాయి, పైన రోడ్డు నంబరు 10 వైపో 12 వైపో కురవడం మొదలైందని మాకు మ్యాన్‌హోల్ మూత చెబుతుంది. ముందు లోపల్నుంచి గాలి తన్నినట్టు బుడబుడమంటుంది. తరవాత మూత ఒక పక్క లేచి టక్కుమని పడుతుంది. మళ్ళీ లేస్తుంది. ఆ చప్పుడు వినగానే మా పక్కింటావిడ గ్యాస్ సిలిండరు బల్ల మీదికి ఎక్కిస్తుంది, ఇస్త్రీ బండి అబ్బాయి మూటలు మా వరండాలో పడేసి, "టీచరమ్మా, నీళ్ళొస్తున్నయ్" అని కేక వేస్తాడు. పదిహేను నిమిషాల్లో సందు నిండుతుంది. ముందు తంగేడు పూలూ ఎండుటాకులూ వస్తాయి, వాటి వెనక థర్మోకోల్ ప్లేట్లు, కొబ్బరి బోండాలు, ఎవరివో చెప్పులు. నీళ్ళు తీశాక నేల మీద మిగిలేది మాత్రం మట్టి కాదు, బూడిద రంగు రాతిపిండి. వేళ్ళ మధ్య రాస్తే గరగరలాడుతుంది. పైన ఎక్కడో సెల్లారు కోసం బండ తొలిచిన పొడి అది. మూడంతస్తుల సెల్లారు తవ్వుతున్న సంవత్సరం మా ఇంట్లో మూడు బకెట్ల పిండి ఎత్తిపోశాం.

ఈ నీళ్ళకు దారి కొత్తగా పుట్టలేదు. హుస్సేన్‌సాగర్ 1562లో కట్టారు. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా అని నాలుగు కాలువలు దానిలోకి వచ్చి కలుస్తాయి. బంజారా హిల్స్ మీద పడిన చినుకు పంజాగుట్ట మీదుగా దిగి సాగర్ చేరాల్సిందే. అటు జూబ్లీ హిల్స్ వైపు పడింది కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, మధురానగర్ దాటి అమీర్‌పేట మైత్రీవనం దగ్గర చేరుతుంది. మైత్రీవనం దగ్గర ప్రతి వానకూ మోకాలు లోతు నీళ్ళలో కోచింగు పిల్లలు బ్యాగులు నెత్తిన పెట్టుకుని నడిచే ఫోటో పేపర్లో వస్తుంది కదా, ఆ నీళ్ళు అమీర్‌పేటవి కావు. అమీర్‌పేటకు అవి అతిథులు.

ఒకప్పుడు ఈ గుట్టలు నీళ్ళను ఆపుకునేవి. బంజారాలు పశువులు మేపుకున్న బండరాళ్ళ నేల ఇది, పేరు వాళ్ళదే. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఆ రాళ్ళ మధ్య ఇల్లు కట్టుకుని ఉన్నప్పుడు, 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి బస చేసి, ఈ కొండల మీద కవిత రాసి వెళ్ళారు. బండల సందుల్లో పొదలు, పొదల కింద మట్టి, కొండ వాలులో కుంటలు ఉన్న నేలను చూసి రాసింది అది. వాన పడితే కొంత రాళ్ళ మధ్య ఆగేది, కొంత మట్టిలో ఇంకేది, కొంత కుంటలో నిలిచేది, మిగిలిందే కిందికి వచ్చేది. ఇప్పుడు ప్రహరీ నుంచి ప్రహరీ దాకా టైల్సు, గేటు నుంచి గేటు దాకా సిమెంటు. ఆగడానికి చోటు లేక పడింది పడ్డట్టు పరుగెత్తుకొస్తుంది. మన వరద కాలువలు గంటకు 2 సెంటీమీటర్ల వానకు మించి మోయలేవని అధికారులే ఎన్నోసార్లు అన్నారు. ఇప్పటి వానలు అరగంటలో ఆ లెక్క దాటేస్తున్నాయి.

గుట్ట మీద అందరూ బంగళాల్లో లేరు, ఇది కూడా మీరు మరవకూడదు. మా ఇంట్లో పదేళ్ళుగా పనిచేస్తున్న ఆమె ఎన్‌బీటీ నగర్‌లో ఉంటుంది. ఉదయనగర్, నందినగర్, సింగాడికుంట, ఇవన్నీ బంజారా హిల్స్ బస్తీలే. ఆఖరి పేరులోనే కుంట ఉంది. వాళ్ళకు మా మీద జాలి, మాకు వాళ్ళ మీద జాలి. పై రోడ్డు నీళ్ళు వాళ్ళ రేకుల ఇంటి వెనక గోడను నానబెట్టి, ఆ తరవాత మా దగ్గరికి దిగుతాయి. వానాకాలం మొదలైతే ఆమె రాత్రిళ్ళు పిల్లల్ని గోడ వైపు పడుకోబెట్టదు. ఈ సంగతి ఆమె నాకు చెప్పింది పోయిన జులైలో, గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా.

మరి ఈ నీళ్ళు ఎవరి పని? ఇది తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. వరద కాలువ కార్పొరేషన్ పని. మ్యాన్‌హోల్‌లోంచి పొంగేది మురుగైతే 1989 నుంచి జలమండలి పని. 2024 జులైలో హైడ్రా అనే కొత్త సంస్థ వచ్చింది, 2025 వానాకాలానికి రోడ్ల మీద నీళ్ళు తోడే అత్యవసర బృందాలు దాని చేతికి వెళ్ళాయి. కరెంటు పెట్టె నీళ్ళలో మునిగితే విద్యుత్ సంస్థ. ట్రాఫిక్ ఆగితే పోలీసులు. మా సందులో నిలిచే నీళ్ళలో సగం వాన, సగం మురుగు. ఏ సగం ఎవరిదో నీళ్ళను అడిగితే చెప్పవు కదా. ఒక సాయంకాలం ఆ నీళ్ళు దిగాక నేను ఒక కార్యాలయానికి వెళ్ళాను. దాని పేరు ఇక్కడ రాయను, అక్కడ కూర్చున్నవాళ్ళ మీద కోపం తీర్చుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. "అమ్మా, ఇది మాది కాదు, ఫలానా వాళ్ళది" అన్నారు. ఫలానా వాళ్ళ దగ్గరికి పోతే, "పైనుంచి వస్తున్నయి కదమ్మా, ఆ లైను మా పరిధిల లేదు" అన్నారు. మూడోసారి వెళ్తే, "సారు ఫీల్డుకు పోయిండు, రేపు రాండ్రి" అన్నారు. అబద్ధం చెప్పారని అనను. ముగ్గురూ నిజమే చెప్పారు. ఆ మూడు నిజాలు కలిపి చూసే మనిషి ఎక్కడా కుర్చీలో లేడు.

ఆ మనిషి మీరు కావాలి.

పై నుంచి కింది దాకా నీటి దారి ఒకటే అయినా, దాని మీద మనుషులు గీసిన గీతలు చాలా ఉన్నాయి. పాత లెక్కలో బంజారా హిల్స్ 93వ డివిజన్, అమీర్‌పేట 98. అసెంబ్లీకి వస్తే బంజారా హిల్స్ ఖైరతాబాద్‌లో, శ్రీనగర్ కాలనీ జూబ్లీ హిల్స్‌లో, అమీర్‌పేట సనత్‌నగర్‌లో. మైలున్నర నడిస్తే ముగ్గురు ఎమ్మెల్యేల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. 2025 డిసెంబరులో చుట్టుపక్కల మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు కలిపి 27 పట్టణ సంస్థలను విలీనం చేసి, 150 వార్డులను 300 చేశారు. మా సందు మళ్ళీ ఏ గీతకు ఏ పక్కన పడిందో చూసుకోవడానికి మా కాలనీ వాళ్ళం మ్యాపు సెల్‌ఫోన్లో పెద్దది చేసి ఒక రాత్రంతా కూర్చున్నాం. వార్డు చిన్నదైతే కార్పొరేటర్ దగ్గరవుతారు, దానికి సంతోషమే. కానీ వార్డు చిన్నదైనకొద్దీ, నీళ్ళు పుట్టే చోటు ఒక వార్డులో, చేరే చోటు ఇంకో వార్డులో పడిపోతాయి. మీ పక్క వార్డు కార్పొరేటర్ ఏ పార్టీ అయినా, మొదటి వారంలోనే ఆ గుమ్మం తొక్కి పలకరించండి. మీ ఇద్దరి మధ్య కాలువ ఉంది.

మనకు ఎన్నికైన పాలకవర్గం లేకుండా గడిచిన రోజులు తక్కువేమీ కావు. 1986లో హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌కు ఎన్నికలు జరిగాయి, మళ్ళీ ఓటేసింది 2002లో. 1991లో ఆ పాలకవర్గం దిగిపోయాక పదేళ్ళ పైన అధికారులే నడిపారు. 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ అయింది, ఎన్నికలు 2009 నవంబరులో. 2014 డిసెంబరులో గడువు తీరింది, ఓటు 2016 ఫిబ్రవరిలో. గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలని 74వ రాజ్యాంగ సవరణలో రాసి ఉంది, అది అమల్లోకి వచ్చిన 1993 జూన్ 1 నుంచి లెక్కేసుకుంటే మూడు దశాబ్దాలు దాటింది. మంచి అధికారులు రారని నేననను. నేను చూసినవాళ్ళలో తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి కాలువ దగ్గర నిలబడ్డ ఇంజినీరు కూడా ఉన్నాడు. ఆయన ఎనిమిది నెలలకు బదిలీ అయ్యాడు. ఆయన తెలుసుకున్నదంతా ఆయనతోనే వెళ్ళిపోయింది. కొత్తగా వచ్చినాయనకు మేం మళ్ళీ మ్యాన్‌హోల్ చప్పుడు దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాం.

2023 జూన్‌లో వార్డు కార్యాలయాలు తెరిచినప్పుడు నేను నిజంగా సంతోషించాను. 150 వార్డులకూ ఒక్కో ఆఫీసు, రోడ్లు, పారిశుధ్యం, టౌన్ ప్లానింగు, జలమండలి, కరెంటు, అన్ని శాఖలవాళ్ళూ ఒకే కప్పు కింద, పైన ఒక వార్డు అధికారి. మాకు కావలసింది అదే. ఆ ఆలోచన ఎవరిదైనా, ఏ ప్రభుత్వంలో వచ్చినా, దాన్ని వదిలేయకండి. గెలిచాక మీరు కొత్త ఆఫీసు, కొత్త బోర్డు అడగొద్దు. ఉన్న బల్ల దగ్గర అన్ని శాఖల మనుషులూ వారానికి ఒక పూట, ఒకే వేళకు కూర్చునేట్టు చూడండి. ఏ రోజు, ఏ వేళ అన్నది గోడ మీద పెయింటుతో రాయించండి. ఫ్లెక్సీ వానకు చిరిగిపోతుంది.

నాకు ఇంతకన్నా పెద్ద కోరిక ఒకటుంది.

మా తమ్ముడు నల్లగొండ జిల్లాలో మా సొంతూళ్ళోనే ఉంటాడు. ఊళ్ళో పదిహేను వందల మంది ఓటర్లు. 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగితే సర్పంచును, వార్డు మెంబర్లను ఎన్నుకున్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. పెట్టిన ప్రతి సభా గొప్పగా జరుగుతుందని తమ్ముడు చెప్పడు. కేకలు వేసుకుంటారు, అలిగి లేచిపోతారు, కొన్నిసార్లు నలుగురే వస్తారు. అయినా వేపచెట్టు కింద కుర్చీలు వేస్తారు, డప్పు కొట్టించి పిలుస్తారు, లెక్క చదువుతారు. బోరు మోటరుకు ఎంతయింది, వీధి లైట్లకు ఎంతయింది అని అడగడానికి మా మరదలికి ఒక చోటు, ఒక తేదీ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో గ్రేటర్‌లో 67 లక్షల మంది. 150తో భాగిస్తే వార్డుకు 45 వేలు. ఓటు లేని పిల్లల్ని కూడా లెక్కేసుకుంటే, మా ఊరి లాంటివి ఇరవై ఊళ్ళకు ఒక్క కార్పొరేటర్. పైగా సభ లేదు. పంజాగుట్టలో ముప్పై ఎనిమిదేళ్ళు ఉన్న నేను, మా మరదలికున్నంత పాటి చోటు చూడలేదు. మేం మాట్లాడుకునేది వాట్సాప్ గ్రూపులో, కొట్లాడుకునేది కూడా అక్కడే.

చట్టంలో మాత్రం మాకూ చోటుంది. 3 లక్షల జనాభా దాటిన మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243-ఎస్ అధికరణం చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మున్సిపల్ చట్టాలకు చేసిన సవరణ ఏరియా సభలను కూడా చేర్చింది. మీరు ప్రమాణం చేసిన మూడు నెలల్లో వార్డు సభ పెట్టండి. ఫంక్షన్ హాలు వద్దు. స్టేజీ వేస్తే స్టేజీ మీద కూర్చునేవాళ్ళ పేర్లతోనే గంట గడిచిపోతుంది. సర్కారు బడి ఆవరణ చాలు. ఆదివారం పొద్దున పెట్టండి, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు సాయంత్రం రాలేరు. గుట్ట మీది అపార్ట్‌మెంట్ల అసోసియేషన్లను, ఉదయనగర్ బస్తీ ఆడవాళ్ళను, మా కింది సందుల వాళ్ళను ఒకే వరసలో కూర్చోబెట్టండి. ఒకరి నీళ్ళు ఇంకొకరి ఇంట్లోకి వస్తున్నాయని ఎదురుబొదురుగా చెప్పుకోవడం ఇన్నేళ్ళలో ఒక్కసారీ జరగలేదు. పైవాళ్ళు చెడ్డవాళ్ళని నేననుకోను. తమ గేటు ముందు నీళ్ళు నిమిషంలో వెళ్ళిపోతుంటే, వాళ్ళకు వాన తగ్గినట్టే. నేను చదువు చెప్పిన ఒక అమ్మాయి ఇప్పుడు రోడ్డు నంబరు 12లో ఉంటోంది. ఒకరోజు మా ఇంటికి వచ్చి గోడ మీద గీతలు చూసింది. పోయిన వేసవిలో వాళ్ళ అపార్ట్‌మెంటులో పూడిపోయిన ఇంకుడు గుంత తవ్వించి, కంకర మార్పించి, నాకు ఫోటో పంపింది. ఇంకుడు గుంత తప్పనిసరి అని 2002 వాల్టా చట్టం నాటి నుంచీ వింటున్నాం. నోటీసుతో కానిది ఆ గోడ గీతలతో అయింది.

సభకు వచ్చేటప్పుడు మీ చేతిలో మూడు లెక్కలు ఉండాలని నా మనవి. మన వార్డులో ఏ కాలువలో ఎన్ని లారీల పూడిక, ఏ తేదీన తీశారు, దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళారు అన్నది మొదటిది. తీసిన పూడికను గట్టునే కుప్పపోసి వెళ్ళిపోతే, తొలకరికి అది మళ్ళీ కాలువలోకే జారుతుంది. నాలుగు వేసవులు మా మలుపు దగ్గర చూశాను, ఒకే పూడికకు రెండుసార్లు కూలీ పడుతుంది. సెల్లారు తవ్వకానికి అనుమతి ఇచ్చిన ప్రతి చోటా వానాకాలంలో ఆ రాతిపిండి కాలువలో పడకుండా ఏం కట్టారు అన్నది రెండోది. వార్డుకు వచ్చిన డబ్బు ఎంత, దేనికి పోయింది అన్నది మూడోది. ఏప్రిల్‌లో ఐదు శాతం తగ్గింపు ఉందని మేం వరసలో నిలబడి ఆస్తిపన్ను కడతాం. కట్టిన రసీదు మా దగ్గర ఉంది, ఖర్చు కాగితం కూడా చూడాలనిపిస్తుంది.

కేబీఆర్ పార్కు మాట ఎత్తకుండా ఈ ఉత్తరం ముగించలేను. 350 ఎకరాల పైచిలుకు ఉన్న ఆ అడవిని 1998లో జాతీయ పార్కు చేశారు. గుట్ట మీద నీళ్ళు నేలలోకి దిగే పెద్ద చోటు ఇప్పుడు అదొక్కటే మిగిలింది. దాని చుట్టూ ఫ్లైఓవర్లు కట్టడానికి చెట్లు కొడతారని 2016లో జనం రోడ్డెక్కారు, కోర్టులకూ వెళ్ళారు. 2024 డిసెంబరులో పార్కు చుట్టూ ఉన్న కూడళ్ళలో ఫ్లైఓవర్లు, అండర్‌పాసులకు మళ్ళీ శంకుస్థాపన జరిగింది. ట్రాఫిక్ బాధ నాకు తెలియనిది కాదు. పంజాగుట్ట కూడలిలో, నిమ్స్‌కు వెళ్ళే అంబులెన్సు సైరన్ కదలకుండా ఒకే చోట మోగుతుంటే గుండె పట్టుకుని నిలబడ్డదాన్ని. కానీ అండర్‌పాసు తవ్వితే నీళ్ళు ఎటు మళ్ళుతాయి, చెట్టు పోయిన చోట పడ్డ వాన ఎవరి గడపకు దిగుతుంది అని కింద ఉండేవాళ్ళను అడిగినవాళ్ళు లేరు. కట్టాలా వద్దా అనేది పెద్దలు తేల్చుకోనీయండి. మీరు మాత్రం ఆ నీటి లెక్క రాతపూర్వకంగా అడిగి, సభలో చదివి వినిపించండి.

అమీర్‌పేట నుంచి మా స్నేహితురాలు ఒక మాట రాయమంది. అక్కడ సందుసందుకూ హాస్టళ్ళు. నలుగురి కోసం కట్టిన ఇంట్లో నలభై మంది పిల్లలు ఉంటున్నారు, మురుగు గొట్టం మాత్రం నలుగురిదే. పిల్లలు మన పిల్లలే. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఎక్కడెక్కడి నుంచో కోర్సు నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకుందామని వచ్చినవాళ్ళు. వాళ్ళకు ఇక్కడ ఓటు ఉండదు. ఓటు లేనివాళ్ళ మురుగు కూడా మీ లెక్కలోకి రావాలి. 2025 ఆగస్టు 10న ముఖ్యమంత్రి స్వయంగా అమీర్‌పేట బుద్ధనగర్‌కు వచ్చి, నీళ్ళు ఎలా వచ్చాయో ఒక బడిపిల్లవాణ్ణి అడిగి తెలుసుకున్నారు. వాడు ఎక్కడ ఎంత లోతు వచ్చిందో, పుస్తకాలు ఎలా తడిసిపోయాయో చెప్పాడు. పెద్దవాళ్ళు ఫైళ్ళలో వెతికే సంగతి, ఆ వీధిలో పిల్లవాడికి కంఠతా వచ్చు. బల్కంపేటలో ఎల్లమ్మ తల్లి నేలకు పదడుగుల కింద, బావి నీటి ఊట దగ్గర కొలువై ఉంటుంది. ఆషాఢంలో కల్యాణానికి వెళ్ళిన ప్రతిసారీ ఆ మెట్లు దిగుతూ అనుకుంటాను, ఈ నేల కింద నీళ్ళు ఎక్కడుండాలో పాతవాళ్ళకు బాగా తెలుసు.

ఫుట్‌పాత్‌ల గురించీ, నిమ్స్ బయట రోగుల బంధువులు రాత్రిళ్ళు పడుకునే చోటు గురించీ, కుక్కల గురించీ రాయాల్సింది చాలా ఉంది. అవి సభలో మావాళ్ళే చెబుతారు. పొద్దున ఐదున్నరకే చీపుళ్ళతో వచ్చే ఆడవాళ్ళ గురించి మాత్రం ఒక ముక్క. నీళ్ళు దిగిన మర్నాడు ఆ పిండి, ఆ చెత్త ఎత్తేది వాళ్ళు. మా సందులో చెత్త ఎత్తే ఆమె చేతులకు ఉన్న గ్లవ్స్ చూపుడువేలు దగ్గర చిరిగి ఉంటే, దానికి పాలిథిన్ కవరు చుట్టి దారంతో కట్టుకుంది. మీరు మొదటిసారి మా వీధికి వచ్చినప్పుడు ముందు ఆమెను పలకరించండి. ఏ మూత కదులుతుందో, ఏ జాలీ రాత్రి ఎవరో ఎత్తుకుపోయారో ఆమెకు తెలుసు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాల ప్యాకెట్ కోసం బయటికి వచ్చిన పదేళ్ళ పాప తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. ఆ వార్త చదివిన రోజు నుంచి, వాన పడితే మా మలుపు దగ్గర మ్యాన్‌హోల్ పక్కన ఎర్ర బకెట్ బోర్లించి దాని మీద రాయి పెట్టడం మా పక్కింటి తాత పని. ఆయనకు డెబ్భై తొమ్మిదేళ్ళు.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. 2020 డిసెంబరు 1న గ్రేటర్ మొత్తం మీద ఓటేసింది 46.55 శాతం. ఆ రోజు మా సందులో పోలింగు బూతుకు నడిచివెళ్ళింది సగం ఇళ్ళే. సెలవు దొరికిందని ఊరికి పోయినవాళ్ళను నేనే బస్సెక్కించాను. నీళ్ళొచ్చిన రాత్రి కార్పొరేటర్ ఏడీ అని అడిగినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. ఈసారి మా కాలనీ ఆడవాళ్ళం ఏడుగురం ఇల్లిల్లూ తిరుగుతున్నాం, ఓటరు జాబితాలో పేరుందో లేదో చూసుకోమని చెబుతున్నాం, కొత్త వార్డులో బూతు ఎక్కడో కాగితం మీద రాసి తలుపుకు అంటిస్తున్నాం. మీరు గెలిచినా, మీ మీద పోటీ చేసినవారు గెలిచినా, ఆ ఏడుగురం సభకు వస్తాం.

గెలిచాక, మృగశిర కార్తె లోపే, ఒక ఆదివారం పొద్దున ఏడింటికి మాతో నడవండి. రోడ్డు నంబరు 12 మలుపు దగ్గర మొదలుపెట్టి, కాలువ కనిపించిన చోట కాలువ వెంట, కనిపించని చోట దాని మీద కట్టినదాని పక్క నుంచి, నాగార్జున సర్కిల్ మీదుగా మా సందులోకి దిగుదాం. పై వార్డు, కింది వార్డు కార్పొరేటర్లను కూడా పిలవండి. నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి, నెమ్మదిగా నడుస్తాను, కానీ దిగుడే కాబట్టి రాగలను. ఆ వేళకు చెత్త ఆటో వచ్చి వెళ్ళిపోతుంది, సందు ఖాళీగా ఉంటుంది. ఇంటికి వచ్చి టీ తాగి, గోడ మీద గీతలు చూద్దురుగాని. పెన్సిలు అక్కడే మేకుకు దారంతో వేలాడుతోంది.

ఇట్లు,
పంజాగుట్ట వెనక సందులో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు టీచరు